సైన్స్ ఫిక్షన్ సినిమాలో ప్లాట్ హోల్ ఉందని గట్టిగా వాదించడం ఎలా? ఇంటర్‌స్టెల్లార్‌ని ముందు పెట్టుకుని చూద్దాం

సైన్స్ ఫిక్షన్ సినిమా చూసి బయటికి రాగానే ఒకరు "లాజిక్ లేదు" అంటారు, ఇంకొకరు "సినిమాని సినిమాలా చూడాలి" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. మొదటివాళ్లు ఏ లాజిక్కు ఎక్కడ లేదో చెప్పరు, రెండోవాళ్లు అసలు మాట్లాడొద్దనే అంటున్నారు. కొన్నేళ్లు కష్టపడి తీసిన కథని ఒక గంట కూర్చుని తరచి చూడటం దాన్ని తక్కువ చేయడం కాదు, దానికి మనమిచ్చే మర్యాదే అది. కాకపోతే ఆ తరచి చూడటానికి ఒక పద్ధతి ఉంటుంది, అది చెప్దామనే ఇది రాస్తున్నాను.

ఉదాహరణకి 2014 నవంబరులో వచ్చిన ఇంటర్‌స్టెల్లార్‌ని తీసుకుంటున్నాను. ఎందుకంటే అన్ని రకాల అభ్యంతరాలకీ అందులో చోటుంది, పైగా 2025 ఫిబ్రవరిలో మన థియేటర్లలోకి మళ్లీ వచ్చినప్పుడు కొత్తగా చూసినవాళ్లు పాత గొడవలన్నీ మళ్లీ మొదలుపెట్టారు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ మొత్తం చెప్పేస్తాను. చూసి మర్చిపోయినవాళ్లకి రెండు ముక్కల్లో: భూమి బతకడానికి పనికిరాకుండా పోతుంటే, నాసా పాత పైలట్ కూపర్ కొందరు శాస్త్రవేత్తలతో కలిసి ఎండ్యూరెన్స్ అనే ఓడలో, శని దగ్గరున్న వార్మ్‌హోల్ (దూరాల్ని కలిపే అడ్డదారి) గుండా కొత్త గ్రహం వెతకడానికి వెళ్తాడు. గ్రహాల మీద దిగడానికి వాడే చిన్న నౌక రేంజర్, అవతల ఉన్న పెద్ద బ్లాక్ హోల్ పేరు గార్గాంటువా.

ముందు ఒక్క వాక్యంలో రాయండి

మనసులో అనుకుంటే చాలదు, ఫోన్‌లోనో కాగితం మీదో రాయాలి. "సినిమా ఫలానా చోట ఇలా చెప్పింది, తర్వాత ఫలానా చోట ఇలా జరిగింది, రెండూ ఒకేసారి కుదరవు." మీ అభ్యంతరం ఈ మూసలో పట్టకపోతే అది ప్లాట్ హోల్ (కథలో చిల్లు) కాకపోవచ్చు, వేరే ఏదో అయ్యుంటుంది.

"రేంజర్ టేకాఫ్ సీన్ అంతా బోగస్" అంటే ఎవరైనా ఏం జవాబు చెప్తారు? అదే ఇలా రాయండి: "భూమి మీంచి పైకి వెళ్లడానికి రేంజర్‌కి అంచెలంచెలుగా విడిపోయే పెద్ద రాకెట్ కావాల్సి వచ్చింది, భూమికన్నా 30 శాతం ఎక్కువ గురుత్వాకర్షణ ఉన్న మిల్లర్ గ్రహం మీంచి మాత్రం అదే రేంజర్ ఏ సాయమూ లేకుండా లేచి వెళ్లిపోయింది." ఇప్పుడిది వాదన. ఒప్పుకోవాలన్నా, కొట్టేయాలన్నా ఎదుటివాళ్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇలా రాయడానికి కూర్చుంటే చాలా అభ్యంతరాలు రాస్తుండగానే రాలిపోతాయి, ఎందుకంటే "సినిమా చెప్పింది" అన్న చోట రాయడానికి ఏమీ దొరకదు, అది మనం అనుకున్నదే తప్ప సినిమా చెప్పింది కాదు.

తర్వాత, అది ఏ రకమో తేల్చుకోండి

వాదనలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు ఫిజిక్స్ గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు హీరో మనసు గురించి మాట్లాడుతుంటారు, ఇద్దరూ ప్లాట్ హోల్ అనే మాటే వాడుతుంటారు, గంట గడిచినా ఒకరి మాట ఇంకొకరికి అందదు.

అసలైన ప్లాట్ హోల్ అంటే సినిమా తాను పెట్టుకున్న రూలుని తానే మీరడం. గతాన్ని మార్చలేం అని మొదట చెప్పి చివర్లో హీరో గతాన్ని మార్చేస్తే అది ప్లాట్ హోల్. ఇంటర్‌స్టెల్లార్ మీద అందరూ వేసే పెద్ద ప్రశ్న ఒకటుంది కదా, వార్మ్‌హోల్‌ని పెట్టింది భవిష్యత్తు మనుషులైతే, ఆ వార్మ్‌హోల్ లేకుండా వాళ్లు బతికి ఆ స్థాయికి ఎలా వచ్చారని. నిజానికి ఇది రూలు మీరడం కాదు. జరిగింది జరిగినట్టే ఉంది, ఎవరూ దేన్నీ మార్చలేదు, ఆ వలయం ఎక్కడా తెగలేదు. మొదలు ఎక్కడో తెలియని కథ మీకు నచ్చకపోవచ్చు, నచ్చలేదని చెప్పే హక్కు పూర్తిగా ఉంది, కానీ అది వైరుధ్యం కాదు.

నిజ జీవితపు సైన్స్‌తో పొసగకపోవడం ఇంకో రకం. దీన్ని సైన్స్ తప్పు అనండి చాలు. ఇందులో కూడా తొందరపడకూడదు. గార్గాంటువా పక్కనున్న మిల్లర్ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు గడుస్తాయని సినిమా అంటుంది. "గంటకి ఏడేళ్లేంటి, అసాధ్యం" అని చాలామంది కొట్టిపారేస్తారు. ఈ సినిమాకి సైన్స్ సలహాదారు కిప్ థోర్న్, తర్వాత 2017లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. ఆయన కూడా మొదట కుదరదనే అనుకున్నారు. లెక్క వేసి చూస్తే కుదురుతుందని తేలింది, కాకపోతే పది కోట్ల సూర్యుల బరువున్న ఆ బ్లాక్ హోల్ తాను తిరగగలిగే గరిష్ఠ వేగానికి కోటి కోట్లలో ఒక వంతు తేడాలోకి వచ్చేంత జోరుగా తిరుగుతుండాలి. అంటే దాదాపు జరగని పనే, కానీ అసాధ్యం కాదు. అసాధ్యం అన్నవాళ్ల వాదన అక్కడ ఓడిపోతుంది, దాదాపు జరగదు అన్నవాళ్ల వాదన నిలబడుతుంది. ఇంకోపక్క తెలిసీ వదిలేసిన తప్పులూ ఉన్నాయి. గార్గాంటువా చుట్టూ తిరిగే ఆ వెలుగు పళ్లెం నిజానికి ఒకవైపు బాగా వెలుగుతూ నీలంగా, రెండోవైపు మసకగా కనపడాలి. ఆ బొమ్మలు తయారుచేసిన బృందమే అది లెక్కగట్టింది, చూసేవాళ్లకి అయోమయంగా ఉంటుందని సినిమాలో వదిలేశామని 2015లో వచ్చిన తమ పరిశోధన పత్రంలో రాసింది కూడా. తెలిసి చేసినదాన్ని తెలియక చేసిన తప్పులా చూపించకండి.

సినిమా చెప్పకుండా వదిలేసినవి వేరే. చివర్లో కూపర్ కొడుకు టామ్ ఏమయ్యాడో ఎక్కడా చెప్పరు. చెప్పకపోవడం హోల్ కాదు. కానీ కూపర్ లేచి కూర్చున్నాక కొడుకు గురించి ఒక్క మాటైనా అడగడు చూడండి, అది పాత్ర మీద వేయగల గట్టి ప్రశ్న, నన్నడిగితే రేంజర్ రాకెట్ కన్నా చాలా పెద్ద ప్రశ్న.

కథకి అనుకూలంగా కలిసొచ్చేవి కూడా ఉంటాయి. నాసాకి పైలట్ కావాలి, దాని పాత పైలట్ కారులో వెళ్లగలిగే దూరంలోనే మొక్కజొన్న పండించుకుంటున్నాడు, అతను బతికే ఉన్నాడని వాళ్లకే తెలియదు. ఈ మాట కూపరే సినిమాలో వాళ్ల ముఖం మీద అనేస్తాడు. రచయితకి కూడా ఇది తెలుసన్నమాట. తెలిసినంత మాత్రాన బలహీనత పోదు, కానీ దాన్ని కలిసొచ్చిందనే అనాలి.

సీన్ మళ్లీ చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని

దీనికి పెద్దగా వివరణ అక్కర్లేదు. 169 నిమిషాల సినిమాలో మనకి గుర్తున్నది గుర్తున్నట్టు ఉండదు. పైగా ఈ సినిమాలో సంగీతం మాటల్ని మింగేస్తోందని విడుదలైన రోజుల్లోనే చాలామంది అన్నారు, కాబట్టి థియేటర్‌లో మీ చెవిన పడని డైలాగులోనే మీ ప్రశ్నకి జవాబు ఉండొచ్చు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆ సీనూ, దానికి ముందు పది నిమిషాలూ చూడండి. ఎవరో వీడియోలో చెప్పిన వివరణని సినిమానే చెప్పిందని పొరబడటం కూడా తరచూ జరుగుతుంది. సీన్ ఎన్నో నిమిషంలో ఉందో రాసి పెట్టుకుంటే వాదన మధ్యలో వెతుక్కునే పని ఉండదు.

అంకెలు ఇచ్చారా? అయితే లెక్క వేయండి

సైన్స్ ఫిక్షన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. సినిమా ఒక అంకె చెప్పిందంటే తనని పరీక్షించే అవకాశం తానే మనకి ఇచ్చినట్టు.

మిల్లర్ గ్రహాన్నే తీసుకుందాం. అక్కడ ఒక గంట అంటే భూమి మీద ఏడేళ్లు. తిరిగొచ్చేసరికి 23 ఏళ్ల 4 నెలల 8 రోజులు గడిచాయని పైన ఓడలో ఉండిపోయిన రామిలీ చెప్తాడు. ఏడుతో భాగిస్తే కింద గడిచింది సుమారు 3 గంటల 20 నిమిషాలు. ఇంజిన్లలోకి నీళ్లు పోయాయి, ఎండడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుందని వాళ్ల రోబో కేస్ అంటుంది. దిగడం, వెతకడం, రెండో అల వచ్చేలోపు లేవడం, అన్నీ కలిపితే మూడు గంటలు దాటడం నమ్మదగ్గదే. ఇక్కడ సినిమా లెక్క బాగానే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ గ్రహానికి మిల్లర్ అనే శాస్త్రవేత్త ముందే వెళ్లింది. కూపర్ నాసాకి చేరేనాటికి, గ్రహాలు వెతకడానికి ముందుగా పంపిన లాజరస్ మిషన్లు బయల్దేరి పదేళ్లు. శని దగ్గరున్న వార్మ్‌హోల్‌కి వెళ్లడానికి ఎండ్యూరెన్స్‌కి రెండేళ్లు పట్టింది, మిల్లర్‌కీ అంతే పట్టిందనుకుంటే, వీళ్లు వెళ్లేసరికి ఆమె ఆ గ్రహం మీద దిగి భూమి లెక్కలో పదేళ్లు అయ్యుండాలి. పదిని ఏడుతో భాగించండి. గంటా ఇరవై అయిదు నిమిషాలు! మిల్లర్ తన నౌక తలుపు తీసి ఇంకా గంటన్నర కూడా కాలేదు. ఈ సంగతి కూపర్‌తో వచ్చిన శాస్త్రవేత్త అమీలియా బ్రాండ్‌కి ఎప్పుడు తడుతుంది? దిగాక, తోటి శాస్త్రవేత్త డాయిల్ చనిపోయాక, ఇంజిన్లు ఎండేదాకా ఖాళీగా కూర్చున్నప్పుడు. ఆమె దిగి కొన్ని గంటలే అయింది, చనిపోయింది కొన్ని నిమిషాల కిందటే అయ్యుండొచ్చు, పైకి వచ్చిన సమాచారమంతా మొదటి సిగ్నలే మళ్లీ మళ్లీ మోగడం అని అప్పుడు అర్థమవుతుంది.

ఓడలో ఉన్నవాళ్లు మామూలు మనుషులు కాదు. దిగే ముందు ఆ ఏడేళ్ల గురించే కూర్చుని మాట్లాడుకున్నారు, ఎండ్యూరెన్స్‌ని దూరంగా ఆపి రేంజర్‌లో దిగితే ఎంత కాలం మిగులుతుందో కూపర్ బోర్డు మీద గీసి మరీ చూపించాడు. తమ కాలం గురించి అంత ఆలోచించినవాళ్లు మిల్లర్ కాలం గురించి ఒక్క భాగహారం చేయలేదు.

ఇక్కడ ఎదుటిపక్షం నుంచి ఒక మంచి జవాబు వస్తుంది, అది మీరే ముందుగా చెప్పండి. ఆ గ్రహం గార్గాంటువాకి అనుకున్నదానికన్నా దగ్గరగా ఉందనీ, గంటకి ఏడేళ్లనీ వాళ్లకి తెలిసింది అప్పుడే, వార్మ్‌హోల్ దాటాక. ఆలోచించుకోవడానికి పదేళ్లు లేవు, కొద్దిసేపే ఉంది, ఆ కొద్దిసేపట్లో తమ గడియారం గురించిన కంగారే ఎక్కువ. మనుషులు అలాగే చేస్తారు.

ఈ జవాబు చాలావరకు నిలబడుతుంది, కానీ ఇంకో లెక్క ఉంది. ఏడేళ్లలో సుమారు 61 వేల గంటలు ఉంటాయి. అంటే ఆ గ్రహం మీంచి బయటికొచ్చే ఏ సిగ్నలైనా 61 వేల రెట్లు సాగిపోయి అందుతుంది. మిల్లర్ ఒక్క సెకను బీప్ పంపితే పైనున్నవాళ్లకి అది 17 గంటలపాటు వినిపించాలి. ఎఫ్‌ఎం రేడియోలా 100 మెగాహెర్ట్జ్‌లో పంపిన తరంగం 1.6 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది, మామూలు రిసీవర్ దాన్ని పట్టుకోనే పట్టుకోదు. ఒకవేళ పట్టుకుంటే, అంత సాగిపోయి వచ్చిందంటే కింద కాలం ఎంత నెమ్మదిగా నడుస్తోందో ఆ సిగ్నలే చెప్పేసినట్టు. ఇక "అప్పుడే తెలిసింది" అన్న మాటకి చోటు లేదు. వార్మ్‌హోల్ అవతలి నుంచి ఏడాదికోసారి చిన్న సిగ్నల్ మాత్రమే అందుతుందని సినిమా చెప్తుంది, సరే, కానీ భూమి మీద ఏడాదంటే మిల్లర్‌కి ఎనిమిదిన్నర నిమిషాలు. ఈ సినిమా మొత్తంలో నాకు కనపడిన అసలైన చిల్లు ఇదే. రేంజర్ రాకెట్ గురించి గొడవపడేవాళ్లు దీన్ని వదిలేస్తుంటే బాధగా ఉంటుంది.

ఒక విషయం గమనించండి, అదే లెక్క సినిమాకి అనుకూలంగా కూడా పనిచేస్తుంది. ఆ గ్రహం అటూ ఇటూ ఊగుతుండటం వల్ల ఆ అలలు వస్తున్నాయని అనుకుంటే ఒక్కో ఊపుకి సుమారు గంట పడుతుందని థోర్న్ లెక్కగట్టారు. గంటకో అల చొప్పున, గంటన్నర లోపు అక్కడున్న మిల్లర్ నౌకని ముక్కలు చేసింది మొదటి అలో రెండో అలో అయ్యుండాలి. ఆమె చనిపోయి ఎంతోసేపు కాలేదన్న బ్రాండ్ మాట దీనితో చక్కగా సరిపోతుంది. మీ పక్షానికి పనికొచ్చే లెక్క మాత్రమే చెప్పి ఇది దాచేస్తే రేపు మీరు చెప్పే ఏ లెక్కనీ ఎవరూ నమ్మరు.

పాత్రలు చేసిన పనుల గురించి అయితే మూడు ప్రశ్నలు

పాత్ర తెలివితక్కువ పని చేయడం ప్లాట్ హోల్ కాదు. నిజ జీవితంలో మనం చేయమా? అడగాల్సింది ఇవి: ఆ క్షణానికి ఆ పాత్రకి ఏం తెలుసు? ఏం కావాలి? ఎంత సమయం ఉంది? ఈ మూడింటికీ జవాబులు సినిమాలో దొరికి, అయినా పాత్ర దానికి పొంతన లేని పని చేస్తే, అప్పుడు రచయిత పాత్ర చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడనొచ్చు.

డాయిల్ చావుకి బ్రాండే కారణమని తిట్టేవాళ్లు చాలామంది. వెనక్కి రమ్మని కూపర్ అరుస్తుంటే ఆమె మిల్లర్ రికార్డర్ కోసం వెళ్తుంది, శిథిలాల కింద ఇరుక్కుంటుంది, ఆమెని తీసుకురమ్మని డాయిల్ కేస్‌ని పంపుతాడు, కేస్ ఆమెని మోసుకొచ్చేసరికి అల డాయిల్ మీద పడుతుంది. మూడు ప్రశ్నలూ వేయండి. ఆమెకి ఏం తెలుసు? అక్కడికి రావడానికే ఏళ్లు ఖర్చయ్యాయని తెలుసు, ఉత్త చేతులతో వెళ్తే ఆ ఏళ్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఏం కావాలి? ఆ సమాచారం, వచ్చిందే దానికోసం. ఎంత సమయం ఉంది? తక్కువని కూపర్‌కి అర్థమైంది, నీళ్లలో ఆ వస్తువు మీదే కళ్లు పెట్టిన ఆమెకి ఇంకా అర్థం కాలేదు. తప్పు చేసింది, దాని ఫలితం సినిమా చూపించింది, ఆమె చేత ఒప్పించింది కూడా. ఇక్కడ కథలో లోపం లేదు.

ముందే వెళ్లి, తన గ్రహం పనికొస్తుందని అబద్ధపు సమాచారం పంపిన డాక్టర్ మాన్ విషయంలో జనం ఇంకా ఎక్కువ తప్పు పడతారు. "నిజం చెప్పేస్తే సరిపోయేది కదా, కూపర్‌ని చంపడమెందుకు?" ఇక్కడే సీన్ మళ్లీ చూడమన్నది. తాను ఇంటికి వెళ్లిపోతానని కూపర్ అప్పటికే చెప్పేశాడు. అతను ఎండ్యూరెన్స్‌ని తీసుకుని పోతే, ఈ గ్రహం పనికిరాదని తెలిసిన మాన్‌కి ఇంకో గ్రహానికి వెళ్లే దారి ఉండదు. ఆ ఓడని వదిలిపెట్టలేనని, మిషన్ పూర్తవ్వాలంటే అది కావాలని మాన్ తన నోటితోనే చెప్తాడు. ఇంకా వెనక్కి వెళ్లండి, పాడైన కిప్ అనే రోబోని ఓడలోని ఇంకో రోబో టార్స్ చూస్తుందని అంటే వద్దని తప్పించేస్తాడు. ఆ కిప్‌ని తెరవబోయే రామిలీ చనిపోతాడు. అంటే భయంతో ఉన్నట్టుండి పిచ్చెక్కిన మనిషి కాదు, ముందే ఆలోచించి పెట్టుకున్నవాడు. ఒంటరిగా చచ్చిపోతానన్న భయం, నేనే అందరికన్నా గొప్పవాడినన్న పేరు, రెండూ కలిస్తే మనిషి ఇలాగే అవుతాడు. నా దృష్టిలో ఈ సినిమాలో అన్నిటికన్నా బాగా రాసిన పాత్ర అతనిదే.

టెసరాక్ట్‌లో (బ్లాక్ హోల్ లోపల కూతురి గది గతమంతా కనపడే చోట) కూపర్ చేసే రెండు పనులు ఒకదానికొకటి పొసగవని కూడా అంటారు. ఒకపక్క పుస్తకాలు పడేస్తూ వెళ్లొద్దని తనకి తానే సందేశం పంపుతాడు, ఇంకోపక్క నాసా ఉన్న చోటు తనకి తానే చెప్తాడు. సీన్‌లో ఏది ముందో చూడండి. వెళ్లొద్దన్నది ముందు, కూతుర్ని చూసి గుండె పగిలిన తండ్రి అరుపు అది. తర్వాతే తాను ఎందుకు అక్కడున్నాడో అర్థమవుతుంది, అర్థమయ్యాక దుమ్ములో అంకెలు, గడియారం ముల్లులో సమాచారం. కొన్ని నిమిషాల్లో మనిషి మారాడు, ఆ మారడమే ఆ సీన్.

ముందే వెళ్లిన ఇంకో శాస్త్రవేత్త, బ్రాండ్ ప్రేమించిన ఎడ్మండ్స్ గ్రహమా, మాన్ గ్రహమా అన్న చోట జాగ్రత్త. బ్రాండ్ ప్రేమ గురించి మాట్లాడింది, కూపర్ వినలేదు, చివరికి ఆమె చెప్పిందే నిజమైంది, కాబట్టి కూపర్ మూర్ఖుడు అనడం సరికాదు. మాన్ నుంచి సిగ్నల్ ఇంకా వస్తోంది, ఎడ్మండ్స్ సిగ్నల్ వీళ్లు వార్మ్‌హోల్ దాటడానికి మూడేళ్ల ముందే ఆగిపోయింది. చేతిలో ఉన్న ఆధారంతో చూస్తే కూపర్ చేసింది సరైనదే. తర్వాత ఏం జరిగిందో మనకి తెలుసు కాబట్టి ముందే తెలిసి ఉండాల్సిందని పాత్ర మీద పడటం అన్యాయం.

జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

ప్రతి ప్రశ్నకీ అభిమానులు ఏదో ఒక జవాబు తెస్తారు. అన్నిటికీ ఒకే విలువ ఇవ్వకండి. తెర మీద చెప్పింది అన్నిటికన్నా బలం. తెర మీద చెప్పకపోయినా చూపించినదాన్నిబట్టి ఊహించగలిగేది దాని తర్వాత. దర్శకుడో సలహాదారుడో బయట చెప్పింది ఆ తర్వాత. మన జేబులోంచి తీసి పెట్టింది అన్నిటికన్నా చివర.

కిప్ థోర్న్ ఈ సినిమా సైన్స్ మీద 2014లోనే ఒక పుస్తకం రాశారు, అందులో ఒక్కో విషయానికీ ఇది నిజం, ఇది ఆధారమున్న అంచనా, ఇది ఊహ అని గుర్తులు పెట్టారు. మీ వాదనలో ఒక్కో వాక్యానికీ ఇలాంటి గుర్తు పెట్టుకుని చూడండి, ఎంత బలముందో మీకే తెలుస్తుంది.

రేంజర్ సంగతే చూడండి. "భూమి మీద రాకెట్ వాడింది రేంజర్ ఇంధనం మిగల్చడానికి" అని జవాబిస్తారు. తెలివైన జవాబే, నిజమయ్యే వీలూ ఉంది. కానీ సినిమాలో ఎవరూ ఆ మాట అనరు. కాబట్టి ఇది ఊహ. అలాగే గార్గాంటువా దగ్గర అంత వేగాన్ని మార్చుకోవాలంటే ఇంకో చిన్న బ్లాక్ హోల్ పక్కనుంచి వెళ్లాలి, ఒకటికన్నా ఎక్కువ బ్లాక్ హోల్స్ ఉంటే ప్రేక్షకులు తికమకపడతారని సినిమాలో న్యూట్రాన్ నక్షత్రం అన్నారు. ఇది పుస్తకంలో ఉంది, సినిమాలో లేదు. తెలుసుకోవడానికి బాగుంటుంది, సినిమాని వెనకేసుకురావడానికి మాత్రం అంతగా పనికిరాదు. టికెట్ కొన్నవాడు పుస్తకం కూడా కొని చదవాలని ఎవరూ అనలేరు కదా.

ఎంత పెద్ద తప్పు?

హోల్ దొరికింది, నిరూపించారు, అయిపోలేదు. దాన్ని ఒక్క డైలాగుతో సరిచేయగలమా అని అడగండి. సరిచేశాక కథ అలాగే నడిస్తే అది చిన్న తప్పు, కథే కూలిపోతే పెద్దది.

మిల్లర్ గ్రహానికి ఇది వాడి చూద్దాం. దిగే ముందే ఎవరైనా "ఆమె దిగి గంటన్నరే అయింది, కింద ఏముందో ఆమెకీ ఇంకా తెలిసుండదు, కానీ బతికుంటే కాపాడగలం" అంటే చాలు. కథ అలాగే సాగుతుంది, ఇంకా పదునెక్కుతుంది కూడా, ఎందుకంటే ఇప్పుడు వాళ్లు తెలిసి తెలిసి ఒక మనిషి కోసం ఏళ్లు పోసి దిగుతున్నారు. బ్రాండ్ వెనక్కి రాకపోవడానికి కూడా ఇంకో కారణం దొరికేది. సిగ్నల్ సాగిపోయే సంగతి మాత్రం ఒక్క డైలాగుతో పోదు, దానికి ఆ గ్రహం గురించి అందరికీ ముందే తెలిసినట్టు కథ మార్చాలి. ఒకటి చిన్నది, ఒకటి కొంచెం పెద్దది, రెండూ కలిసినా సినిమా కూలిపోదు. 23 ఏళ్ల వీడియోలు వరసగా చూస్తూ కూపర్ ఏడ్చే సీన్ మీద ఈ లెక్క గీత కూడా పెట్టలేదు. తప్పు ఉందనీ, సీన్ గొప్పదనీ రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు.

మనుషులతో మాట్లాడేటప్పుడు

మొదలుపెట్టే ముందు అందరూ సినిమా చూశారో లేదో అడగండి. ఒకసారికి ఒక్క ప్రశ్నే తీయండి, రేంజర్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో టామ్‌ని తేవొద్దు. ఎదుటివాళ్ల వాదనని వాళ్లకన్నా బాగా మీరు ఒకసారి చెప్పి, "ఇదేనా మీరనేది?" అని అడిగి, అప్పుడు జవాబివ్వండి. "నీకు ఫిజిక్స్ రాదు", "నీకు అర్థం కాలేదు" లాంటి మాటలు వచ్చాయంటే ఇక సినిమా గురించి మాట్లాడట్లేదని అర్థం, అక్కడ ఆపేసి టీ తాగండి. మంచి జవాబు వస్తే ఒప్పుకోండి, ఒప్పుకున్నట్టు పైకి చెప్పండి, మనసులో ఉంచుకుంటే లాభం లేదు.

లెక్కలతో తేలని ప్రశ్నల్ని చివరికి ఉంచండి, ఎందుకంటే రాత్రంతా మాట్లాడుకోదగ్గవి అవే. ఈ ప్రయాణాన్ని నడిపించిన, అమీలియా తండ్రి ప్రొఫెసర్ బ్రాండ్ అబద్ధాన్నే తీసుకోండి. భూమి మీదున్నవాళ్లని కాపాడే ప్లాన్ ఎ కుదరదని ఆయనకి ముందే తెలుసు. బ్లాక్ హోల్ లోపలి సమాచారం లేకుండా దానికి కావాల్సిన గురుత్వాకర్షణ సమీకరణం పూర్తికాదు. అయినా పూర్తిచేస్తున్నట్టు ఏళ్లతరబడి నటించాడు, చావు మంచం మీద కూపర్ కూతురు మర్ఫ్‌కి చెప్పాడు. ఆయన పక్షాన ఉన్న వాదన బలమైనదే: తమ పిల్లలకి ఆశ లేదని తెలిస్తే ఎవరూ ఆ ఓడని కట్టి ఉండేవాళ్లు కాదు, కొత్త గ్రహం మీద పెంచడానికి ఓడలో పంపే, ముక్కూ మొహం తెలియని పిండాల కోసం మనుషులు అంత కష్టపడరు. నేనైతే ఆయనది తప్పనే అంటాను. జనానికి దాచాడంటే అర్థం చేసుకోగలను, ఓడలో పంపిన సొంత కూతురికి కూడా దాచాడు. మాన్‌కి తెలుసు, అమీలియాకి తెలియదు. ఏ గ్రహానికి వెళ్లాలో, ఎంత ఇంధనం ఖర్చుపెట్టాలో, తిరుగు ప్రయాణానికి ఎంత దాచాలో ఓడలో లెక్కలేసుకున్నవాళ్లలో ఎవరికీ తిరుగు ప్రయాణంలో అర్థం లేదన్న సంగతి తెలియదు. నిజం చెప్పి ఉంటే ఆ ఇంధనం లెక్కలన్నీ ముందే వేరుగా ఉండేవి, రామిలీ బతికి ఉండేవాడేమో. దీనికి మీ జవాబు ఏమిటో, ఆ మూడు ప్రశ్నలూ ప్రొఫెసర్‌కి వేసి చూసి చెప్పండి.